వియత్నాం యుద్ధం: లెక్క ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలి?

వియత్నాం యుద్ధం ఎన్నేళ్లు జరిగింది? అమెరికా మెరీన్లు దనాంగ్ తీరంలో దిగింది 1965 మార్చి 8న. చివరి పోరాట దళాలు వెళ్లిపోయింది 1973 మార్చి 29న. ఆ లెక్కన ఎనిమిదేళ్లు. హనోయిలో అడిగితే ముప్పై ఏళ్లంటారు, 1945 నుంచి 1975 దాకా. మొదటి ఇరవై ఏళ్లను వదిలేసి చూస్తే ఇది రెండు అగ్రరాజ్యాల ప్రచ్ఛన్న యుద్ధంలో ఒక అధ్యాయంలా అనిపిస్తుంది. కలిపి చూస్తే, స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఒక వలస దేశాన్ని మూడు వారాలైనా ఊపిరి పీల్చుకోనివ్వని కథ బయటపడుతుంది. నేను రెండో లెక్కనే నమ్ముతాను.

పరాయి పాలన ఆ నేలకు కొత్త కాదు. క్రీస్తుపూర్వం 111 నుంచి క్రీస్తుశకం 938లో బాక్ డాంగ్ నదిపై న్గో క్వెన్ గెలిచే దాకా, మధ్యమధ్య తిరుగుబాట్లు తప్ప, చైనా సామ్రాజ్యాలదే పెత్తనం. 13వ శతాబ్దంలో మంగోలులు మూడుసార్లు దండెత్తి మూడుసార్లూ వెనుదిరిగారు. ఫ్రెంచివారు 1858లో దిగింది కూడా దనాంగ్‌లోనే. 1884 నాటికి దేశమంతా వాళ్ల చేతికి వచ్చింది.

1940లో జపాన్ సైన్యం వచ్చింది. మొదట ఫ్రెంచి అధికారులను కుర్చీల్లోనే ఉంచి వాళ్ల చేత పని చేయించుకుంది, చివర్లో ఫ్రెంచి సైన్యాన్ని చెరలో వేసింది. బలవంతపు ధాన్య సేకరణ, వరి పొలాల్లో జనపనార సాగు, తుపాన్లు, అమెరికా బాంబులకు తెగిపోయిన రవాణా... అన్నీ కలిసి 1944-45లో ఉత్తరాదిన ఘోరమైన కరువు తెచ్చాయి. చనిపోయినవారు 4 లక్షలని కొందరు, 20 లక్షలని హనోయి చెబుతారు. ప్రజలు ఆకలితో చస్తుంటే గోదాములు పగలగొట్టి ధాన్యం పంచిన కమ్యూనిస్టు నాయకత్వపు స్వాతంత్ర్య కూటమి వియత్ మిన్ వెంట ఊళ్లకు ఊళ్లే నడిచాయి. 1945 సెప్టెంబరు 2న హనోయిలోని బాదిన్ చౌక్‌లో ఆ కూటమి నేత హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించారు. అమెరికా మద్దతు కోరుతూ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆ తర్వాతి నెలల్లో ఆయన రాసిన లేఖల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇక్కడే భారతీయుల్లో చాలామందికి తెలియని అధ్యాయం ఒకటుంది. ఓడిన జపాన్ సేనల నుంచి ఆయుధాలు తీసుకునే పనిని మిత్రరాజ్యాలు 16వ అక్షాంశ రేఖ దగ్గర రెండుగా పంచాయి. ఉత్తరం చైనాకు, దక్షిణం బ్రిటన్‌కు. బ్రిటన్ పంపింది మన సైనికులను! మేజర్ జనరల్ డగ్లస్ గ్రేసీ నాయకత్వంలో 20వ భారతీయ డివిజన్, సుమారు 20 వేల మంది సైగాన్ చేరారు. గ్రేసీ సైనిక శాసనం విధించి, జపాన్ చెరలోంచి బయటపడిన ఫ్రెంచి సైనికుల చేతికి తుపాకులిచ్చాడు. సెప్టెంబరు 23 తెల్లవారేసరికి సైగాన్ ప్రభుత్వ భవనాలు వాళ్ల వశమయ్యాయి. నిరాయుధులను చేయాల్సిన జపాన్ సైనికులనే వియత్ మిన్ మీదికి నడిపించారు. ఇంకా స్వేచ్ఛ రాని దేశపు బిడ్డలను మరో దేశపు స్వేచ్ఛ మీదికి తోలడాన్ని నెహ్రూ బహిరంగంగా ఖండించారు. సెప్టెంబరు 23ను వియత్నాం నేటికీ దక్షిణాది ప్రతిఘటన దినంగా గుర్తుచేసుకుంటుంది. ముప్పై ఏళ్ల లెక్కకు మొదటి రోజు అదే.

ఫ్రాన్స్ ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్లు పోరాడింది. నిర్బంధ సైనిక సేవలో చేరిన సొంత యువకులను అక్కడికి పంపలేదు. మొరాకో, అల్జీరియా, సెనెగల్ సైనికులు, విదేశీ లెజియన్, స్థానిక వియత్నామీయులే ఆ సేనలో ఎక్కువ. 1954కు వచ్చేసరికి యుద్ధ ఖర్చులో దాదాపు 80 శాతం అమెరికా భరిస్తోంది. అంటే మెరీన్లు దిగడానికి పదకొండేళ్ల ముందే ఆ యుద్ధానికి డబ్బు వాషింగ్టన్‌ది.

ముగింపు దియెన్ బియెన్ ఫూ లోయలో వచ్చింది. కొండల మీదికి ఫిరంగులు ఎక్కించడం అసాధ్యమని ఫ్రెంచి సేనాపతులు లెక్కవేశారు. వియత్ మిన్ సేనాపతి జనరల్ వో న్గుయెన్ జాప్ మనుషుల చేత తాళ్లతో లాగించి ఎక్కించాడు. వియత్నాం లెక్క ప్రకారం 2.6 లక్షల మంది పౌరులు బియ్యం, మందుగుండు మోశారు. సైకిల్ హ్యాండిల్‌కు వెదురు కర్ర కట్టి, నడిపిస్తూ ఒక్కో బండి మీద 200 కిలోలు, అంతకు మించి కూడా తరలించారు. 56 రోజుల ముట్టడి తర్వాత మే 7న ఫ్రెంచి స్థావరం కూలింది. పదివేల మందికి పైగా పట్టుబడ్డారు. వారిలో మూడోవంతు మాత్రమే ప్రాణాలతో తిరిగొచ్చారు.

జెనీవా ఒప్పందం 17వ అక్షాంశ రేఖను తాత్కాలిక హద్దుగా గీసి, 1956 జులైలో దేశమంతటా ఎన్నికలు జరగాలంది. పర్యవేక్షణ సంఘానికి భారత్ అధ్యక్షత వహించింది. ఆ ఎన్నికలు జరగనే లేదు. యుద్ధకాలంలోనే ఓటు వేయిస్తే 80 శాతం మంది హోచిమిన్‌కే వేసేవారేమోనని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. దక్షిణాదిలో ప్రధాని న్గో దిన్ జియెమ్ 1955లో సొంతంగా ప్రజాభిప్రాయ సేకరణ జరిపి 98 శాతం ఓట్లు తనకే వచ్చాయన్నాడు. సైగాన్‌లో నమోదైన ఓటర్లు 4.5 లక్షలైతే ఆయనకు పడిన ఓట్లు 6 లక్షలు దాటాయి.

తర్వాతి అంకెలు చాలామందికి తెలిసినవే. 1960లో వెయ్యిలోపు ఉన్న అమెరికా సైనికులు 1969 ఏప్రిల్ నాటికి 5.43 లక్షలయ్యారు. అమెరికాకు తోడుగా దక్షిణ కొరియా విడతలుగా 3 లక్షల మందికి పైగా పంపింది. కమ్యూనిస్టు ఉత్తరాదికి చైనా కూడా 1965 నుంచి విడతలుగా సుమారు 3.2 లక్షల మందిని పంపిందన్నది అంతగా చెప్పుకోని సంగతి. వియత్నాం, లావోస్, కంబోడియాల మీద అమెరికా వేసిన బాంబులు 70 లక్షల టన్నులు దాటాయి. రెండో ప్రపంచ యుద్ధమంతటా అది వేసినది దాదాపు 20 లక్షల టన్నులే.

అమెరికా మృతులు 58 వేలకు పైగా. ఒక్కొక్కరి పేరూ వాషింగ్టన్ స్మారక గోడ మీద ఉంది. వియత్నాం 1995లో ప్రకటించిన లెక్కలో పౌరులు 20 లక్షలు, కమ్యూనిస్టు పక్షాన పోరాడినవారు 11 లక్షలు. దక్షిణ ప్రభుత్వం తరఫున చనిపోయిన 2 లక్షలకు పైగా సైనికులు ఆ 11 లక్షల్లో లేరు. ముప్పై ఏళ్ల లెక్కలో నాకు కనిపించే లోటు ఇదే. ఇది పరాయి సేనలతో పోరాటం మాత్రమే అయి ఉంటే వియత్నామీయులను వియత్నామీయులు ఇంతమందిని చంపుకునేవారు కాదు, 1975 తర్వాత లక్షలమంది పడవలెక్కి దేశం విడిచేవారూ కాదు.

ఆచూకీ దొరకని అమెరికా సైనికులు ఇప్పుడు 1,600 లోపే. వియత్నాంలో అవశేషాలు దొరకని సైనికులు దాదాపు 2 లక్షలు. మరో 3 లక్షల మందిని పేరు తెలియకుండానే ఖననం చేశారు. ఎముకల నమూనాలను బంధువుల డీఎన్‌ఏతో పోల్చి వాళ్లెవరో తేల్చే పని అక్కడ ఇంకా సాగుతోంది.