ఒక తండా రెండయింది

మా ఊరు ఎ.కొండూరు. ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు డివిజన్. ఊరి పేరు రాయమంటే ఒకరు 'ఎ.కొండూరు' అని రాస్తారు, ఇంకొకరు చుక్క తర్వాత కాస్త ఖాళీ వదిలి 'ఎ. కొండూరు' అంటారు, మరొకరు దీర్ఘం పెట్టి 'ఏ కొండూరు' చేసేస్తారు. చదివే మనిషికి ఇబ్బందేమీ లేదు, మూడూ ఒకే ఊరని తెలుసు. కంప్యూటర్‌కి మాత్రం అవి మూడు ఊళ్ళు. ఈ చిన్న సంగతి ఎంత దూరం పోతుందో నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. ఆ తప్పు గురించి, దాని వల్ల నేను నేర్చుకున్న ఒక పని గురించి మీకు చెప్తాను.

మా మండలం తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. క్రియాటినిన్ పరీక్ష ఎవరికి ఎప్పుడు చేశారు, మళ్ళీ ఎప్పుడు చేయాలి అన్నది అక్కడ చాలా ముఖ్యం. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, మా తండాల దగ్గర పనిచేసే ఆశా అక్క నోటు పుస్తకాల్లో రాసుకున్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడతానన్నాను. ఒక చిన్న ఓపెన్ సోర్స్ సర్వే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. నేను లాప్‌టాప్‌లో, నా స్నేహితుడు ఫోన్‌లో కూర్చుని వివరాలు టైప్ చేశాం. వెనక ఉన్న డేటాబేస్ మరియాడీబీ. అంతా బాగానే నడిచింది.

తర్వాత అందరూ చూసేలా సర్వర్‌లో పెడదామనుకున్నాం. ఉచితంగా దొరికిన సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌గ్రెస్. ఆ సాఫ్ట్‌వేర్ పేజీలో 'రెండింటి మీదా పనిచేస్తుంది' అని రాసి ఉంది. డేటా మార్చేశాను, ఎర్రర్ ఒక్కటీ రాలేదు. తండాల లిస్టులో ఒక 'సింగ్ తండా' పేరు రెండుసార్లు కనిపించింది. స్క్రీన్ సరిగా రిఫ్రెష్ కాలేదేమో అనుకుని వదిలేశాను.

ఆ తండాలో పరీక్ష చేయించాల్సినవాళ్ళ లిస్టు తీసి అక్కకి ఇచ్చాను. ఆవిడ తన నోటు పుస్తకం పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ వెళ్ళి, "ఏంటి తమ్ముడూ, ఇరవై ఏడుగురే ఉన్నారు? మా తండాలో ఇంకా నలుగురున్నారుగా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు పుస్తకం ఆవిడ చేతిలో లేకపోతే ఆ నలుగురినీ ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

ఇంతకీ ఏం జరిగింది?

తెలుగులో 'సింగ్' అని పొల్లుతో ముగిసే మాట టైప్ చేసినప్పుడు, కొన్ని టైపింగ్ పద్ధతుల్లో పొల్లు తర్వాత ఒక కనిపించని అక్షరం దానంతటదే వచ్చి చేరుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపేది అదే, కాబట్టి అది పనికిరానిదేమీ కాదు. మాట చివర వచ్చినప్పుడు మాత్రం కంటికి ఏ తేడా కనపడదు. నా స్నేహితుడి ఫోన్ ఆ అక్షరాన్ని పెట్టింది, నా లాప్‌టాప్ పెట్టలేదు. అంతే, ఒక తండా రెండయింది.

మరి మరియాడీబీలో ఎందుకు బయటపడలేదు? రెండు మాటలు ఒకటేనా కాదా అని తేల్చే నియమాల పట్టికని డేటాబేస్ భాషలో కొలేషన్ అంటారు. నేను అక్కడ ఎంచుకున్నది యూనికోడ్ కొలేషన్. పోల్చేటప్పుడు అది ఈ కనిపించని అక్షరాన్ని లెక్కలోకే తీసుకోదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా బైటుకి బైటు సరిపోతేనే రెండు మాటలు సమానం అంటుంది. ఒకటి పెద్దమనిషి తరహా, ఇంకొకటి లెక్కల మాస్టారి తరహా. ఎవరి పద్ధతి వాళ్ళది, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరి అలవాటుని నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్‌ని రెండోవారి దగ్గర పరీక్షించకుండా నడపడమే తప్పు.

ఇలాంటి తేడాలు ఇంకా ఉన్నాయి. 'అమ్మ' అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌కి నాలుగు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, అంటే మొత్తం 12 బైట్లు. ఇప్పుడు పేరు కోసం 20 అక్షరాల గడి పెట్టామనుకోండి. పోస్ట్‌గ్రెస్ 20 యూనికోడ్ అక్షరాలు లెక్కపెట్టి, దాటితే ఎర్రర్ ఇస్తుంది. మైసీక్వెల్ కూడా అలాగే లెక్కపెడుతుంది, కానీ కఠిన పద్ధతి ఆపేసి ఉంటే ఒక వార్నింగ్ పడేసి చివర కత్తిరించి దాచుకుంటుంది. సీక్వెల్‌లైట్ ఆ హద్దునే పట్టించుకోదు, ఎంత పొడుగైనా లోపల పెట్టేస్తుంది. ఒరాకిల్ అయితే మామూలు అమరికలో 20 అంటే 20 బైట్లు అనుకుంటుంది. తెలుగులో ఆరు యూనికోడ్ అక్షరాలు దాటితే గడి నిండిపోయినట్టే. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినవాళ్ళకి ఈ తేడా జన్మలో కనపడదు.

అన్నదమ్ముల్లాంటి మైసీక్వెల్, మరియాడీబీల మధ్యా తేడాలున్నాయి. మరియాడీబీ పుట్టిందే 2009లో మైసీక్వెల్ నుంచి చీలి. నేను వాడిన కొలేషన్‌లో పేరు చివర ఖాళీ ఉన్నా లేకపోయినా మరియాడీబీకి ఒకటే. మైసీక్వెల్ 8.0తో వచ్చిన కొత్త డీఫాల్ట్ కొలేషన్‌లో ఆ రెండూ వేరు. 'ఎలాగూ రెండూ ఒకటే కదా' అనుకుని మార్చేవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు.

పెద్ద ప్రాజెక్టులకీ ఈ తిప్పలు తప్పలేదు. మైసీక్వెల్‌లో 'యూటీఎఫ్8' అని పిలిచే పాత పద్ధతిలో అక్షరానికి 3 బైట్లే చోటు. తెలుగుకి సరిపోయింది, 4 బైట్ల ఎమోజీకి సరిపోలేదు. 2015లో వర్డ్‌ప్రెస్ 4.2 నాలుగు బైట్ల పద్ధతికి మారినప్పుడు, 767 బైట్ల ఇండెక్స్ హద్దు అడ్డొచ్చింది. 255 అక్షరాలని 4తో గుణిస్తే 1020. అందుకే ఇండెక్స్‌ని 191 అక్షరాలకి కుదించారు, అప్పుడు 764. ఎక్కడైనా కోడ్‌లో 191 అన్న వింత అంకె కనిపిస్తే దాని వెనక కథ ఇదే.

మరి ఇవన్నీ ఎవరు పరీక్షిస్తారు? కంపెనీల జీతగాళ్ళు కొందరు, మిగతాది వలంటీర్లు. పోస్ట్‌గ్రెస్ ఏటా కొత్త వెర్షన్ విడుదల చేసే ముందు బీటా ఇచ్చి, మీ సొంత అప్లికేషన్‌ని దీని మీద నడిపి చూడండని అందరినీ అడుగుతుంది. దానికి బిల్డ్ ఫార్మ్ అనే ఏర్పాటు కూడా ఉంది. రకరకాల మనుషులు తమ దగ్గరున్న రకరకాల మెషీన్లలో తాజా కోడ్‌ని నడిపి ఫలితాలు పంపుతుంటారు. మన కాలేజీల్లో వాడే మూడుల్ కూడా పెద్ద విడుదలకి ముందు వలంటీర్ల చేత పరీక్షలు చేయిస్తుంది. అది పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్, మరియాడీబీ అన్నింటి మీదా నడవాలి కదా.

దీనికి పెద్ద కోడింగ్ పాండిత్యం అక్కర్లేదు. నేను చేసింది చెప్తాను. డాకర్‌తో మరియాడీబీ, మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ మూడూ నా పాత లాప్‌టాప్‌లోనే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాను. మా ఇంటి దగ్గర నెట్ ఫోన్ హాట్‌స్పాట్‌దే కాబట్టి ఒక్కోటి దిగేసరికి ఒక టీ అయ్యేది. నాలుగు వరుసల డేటా తయారుచేశాను: మామూలు పేరు, చివర కనిపించని అక్షరం ఉన్న పేరు, చివర ఖాళీ ఉన్న పేరు, బాగా పొడుగు పేరు. అదే డేటా, అవే మెట్లు, మూడు చోట్లా. వచ్చిన ఫలితాలు పక్కపక్కన రాసి ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళకి పంపాను.

జవాబు రెండు రోజులకి వచ్చింది: "మొదటి రెండూ మాకు ఒకేలా కనిపిస్తున్నాయి, తేడా ఎక్కడుంది?" తెలుగు రాని మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. నిజానికి తెలుగు వచ్చిన నాకూ కనపడలేదుగా! రెండు పేర్ల బైట్ల లెక్క పంపాను. ఒకదానికి 3 బైట్లు ఎక్కువ. అప్పుడు ఒప్పుకున్నారు. ఇప్పుడు టైప్ చేసిన పేరుని దాచే ముందే చివరి ఖాళీలు, మాట చివరి కనిపించని అక్షరాలు తీసేస్తున్నారు. మాట మధ్యలోవి తీయకూడదని నేను పట్టుబట్టాను, లేకపోతే 'సాఫ్ట్‌వేర్' రూపం మారిపోతుంది. నా నాలుగు వరుసలూ వాళ్ళ పరీక్షల ఫైల్లో చేరాయి. ఇకముందు ఎవరు కోడ్ మార్చినా ముందు వాటిని దాటాలి.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, రిపోర్టులో సాఫ్ట్‌వేర్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్, కొలేషన్, చేసిన మెట్లు, రావలసింది, వచ్చింది అన్నీ రాయాలి. 'పనిచేయట్లేదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. రెండు, అన్నీ బాగా నడిచినా ఆ సంగతి కూడా చెప్పాలి, అదీ ఫలితమే. మూడు, నిజమైన మనుషుల వివరాలు పరీక్షకి ఎప్పుడూ పంపకూడదు. నేను పంపిన పేర్లన్నీ కల్పించినవి. తండావాళ్ళ రక్త పరీక్షలు వాళ్ళవి, నా బగ్ రిపోర్టువి కావు.

తెలుగు మాటలతో పరీక్షించమని బయటివాళ్ళని అడిగి లాభం లేదు. వాళ్ళకి పొల్లు తెలియదు, వత్తు తెలియదు. మనకి తెలుసు, పైగా వారానికొక సాయంత్రం మన దగ్గర ఉంటుంది.

ఆ నలుగురికీ పరీక్షలు జరిగాయి. కొత్త లిస్టు తీసుకెళ్ళి ఇస్తే అక్క మళ్ళీ నోటు పుస్తకం తెరిచి, ముప్పై ఒక్క పేర్లూ వేలితో లెక్కపెట్టుకుంది. "ఇప్పుడు సరిపోయిందిగా అక్కా, ఇంకా పుస్తకం ఎందుకు?" అన్నాను. "ఉండనీ తమ్ముడూ" అంది. టెస్టింగ్ గురించి నేను విన్న పాఠాల్లో అంతకంటే మంచిది లేదు.