ప్రోస్టేట్ క్యాన్సర్: హార్మోన్ అందకుండా చేసే చికిత్స

ప్రోస్టేట్ గ్రంథి మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దాని ఎదుగుదలకు టెస్టోస్టెరాన్ కావాలి. ఈ హార్మోన్‌లో 90 శాతానికి పైగా వృషణాల్లోనే తయారవుతుంది. ఆ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ కూడా దీన్ని తినే బతుకుతుంది. హార్మోన్ చికిత్స అన్న పేరు విని ఒంట్లోకి హార్మోన్ ఎక్కిస్తారనుకుంటారు గానీ, ఈ చికిత్స చేసేది దాన్ని అందకుండా చేయడం.

వృషణాలు తీసేస్తే, లేదా ఈస్ట్రోజెన్ ఇస్తే, ఎముకలకు పాకిన క్యాన్సర్ సైతం తగ్గుముఖం పడుతుందని షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్ 1941లో చూపారు. ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. ఆ ఆపరేషన్ చిన్నది, ఒక్కసారితో అయిపోతుంది. దానికి బదులుగా ఇచ్చే ఇంజెక్షన్ల ఖర్చు మోయలేని కుటుంబాలు మన దేశంలో ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటాయి.

ఇంజెక్షన్ పనిచేసే తీరు విచిత్రమైనది. మెదడులోని హైపోథలమస్ ఒక హార్మోన్‌ను ఆగి ఆగి వదులుతుంది. అది అందినప్పుడల్లా పిట్యూటరీ గ్రంథి వృషణాలను పనికి పురమాయిస్తుంది. అదే సంకేతం తెరిపి లేకుండా వస్తే పిట్యూటరీ మొద్దుబారి ఊరుకుంటుంది. ల్యూప్రొలైడ్, గోసెరెలిన్ మందులు చేసేదదే. గోసెరెలిన్ బియ్యపు గింజంత కడ్డీ. పొట్ట చర్మం కింద పెడితే 28 రోజుల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. అయితే మొద్దుబారేలోపు, మొదటి వారం పది రోజులు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా ఎగబాకుతుంది. వెన్నెముకకు క్యాన్సర్ పాకినవారికి ఇది ప్రమాదం: దాంతో ఉబ్బిన కణితి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోవచ్చు. అందుకే బైకాలుటమైడ్ వంటి అడ్డుకట్ట మాత్రలు తోడుగా ఇస్తారు. డెగారెలిక్స్ అనే మరో మందుతో ఈ పొంగు ఉండదు.

వ్యాపించిన జబ్బును ఈ చికిత్స అదుపులో పెడుతుందే తప్ప నిర్మూలించదు. కొన్నాళ్లకు, కొందరిలో ఏళ్లకు, పీఎస్ఏ (జబ్బు తీవ్రతను సూచించే, రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రొటీన్) మళ్లీ పెరుగుతుంది. అరకొర హార్మోన్‌తోనే నెట్టుకురావడం, దాన్ని తామే తయారుచేసుకోవడం క్యాన్సర్ కణాలు నేర్చుకుంటాయి. ఎడ్రినల్ గ్రంథుల్లోనూ, కణితిలోనూ ఆ తయారీని ఆపే అబిరాటెరోన్ 2011లో, కణంలో హార్మోన్‌ను అందుకునే గ్రాహకాన్నే మూసేసే ఎంజాలుటమైడ్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి.

ఈ చికిత్సలో ఒంట్లోంచి ఆవిర్లు, కోరిక తగ్గడం, కండ కరగడం, షుగర్ పెరగడం మామూలే. చాలామంది మగవారు వీటిని నోరు విప్పి చెప్పరు. మొదటి ఇంజెక్షన్‌కు ముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి డాక్టరు వివరించి తీరాలి. ఎముకలు గుల్లబారడం మాత్రం పైకి కనపడదు, కాలు జారి తుంటి విరిగేదాకా. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌తో ముందే పసిగట్టవచ్చు. కాల్షియం, విటమిన్ డి, రోజూ నడక, బరువులెత్తే వ్యాయామం ఆ నష్టాన్ని కొంతైనా తగ్గిస్తాయి.