స్టూడియో హెడ్‌ఫోన్లు

స్టూడియో హెడ్‌ఫోన్లు అనగా ధ్వనిముద్రణశాలలలో గాయకులు, వాద్యకారులు, శబ్దగ్రాహకులు వాడుటకై తయారైన శ్రవణ పరికరాలు. చెవికి ఇంపుగా వినిపించడం వీటి మొదటి లక్ష్యం కాదు. ముద్రణలోని లోపాన్ని దాచకుండా బయటపెట్టడం వీటి పని. ఇళ్ళలో సంగీతం వినేవారు కూడా వీటిని విరివిగా కొంటున్నారు. స్టూడియో అవసరం వేరు, ఇంటి అవసరం వేరు కనుక ఎంపికలో కొంత జాగ్రత్త అవసరం.

చరిత్ర

అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో రూపొందించిన హెడ్‌ఫోన్లను 1910లో ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లను ప్రవేశపెట్టాడు. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డి 414 అనే నమూనాతో వెనుకభాగం తెరచి ఉండే పద్ధతికి నాంది పలికింది.

రకాలు

వెనుకభాగం మూసి ఉన్నవి, తెరచి ఉన్నవి అని ఇవి ముఖ్యంగా రెండు రకాలు. గాయకుడు పాడుతున్నప్పుడు హెడ్‌ఫోనులోని వాద్యధ్వని మైకులోకి చొరబడకూడదు కనుక ముద్రణ సమయంలో మూసి ఉన్నవాటినే వాడతారు. సోనీ ఎండిఆర్-7506, బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో ఈ కోవలోనివి. తెరచి ఉన్నవాటిలో గాలి, ధ్వని రెండు వైపులకూ ప్రసరిస్తాయి. అందువలన సంగీతం తల లోపల బిగించినట్లు కాక కొంత విశాలంగా తోస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగా వినేవారికి ఇవే మేలు. పంకా చప్పుడు, వీధి రొద ఉన్న ఇంట్లో మాత్రం వాటిని అధిగమించడానికి ధ్వనిని పెంచవలసి వస్తుంది. పక్కన కూర్చున్నవారికీ ఆ పాట వినిపిస్తుంది!

1950లలోని తెలుగు సినిమా పాటలు మోనో పద్ధతిలో ముద్రితమైనవి. వీటిని ఏ హెడ్‌ఫోనులో విన్నా గొంతు, వాద్యాలు అన్నీ తల మధ్యనే ఉన్నట్లు తోస్తాయి. రికార్డు గీతల చిటపటలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి. ఇది పరికరపు లోపం కాదు.

అవరోధం

పెట్టెపై ఓమ్‌లలో ముద్రించే సంఖ్య విద్యుత్ అవరోధాన్ని తెలుపుతుంది. కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డిటి 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రూపాలలో లభిస్తుంది. సంఖ్య పెద్దదైతే నాణ్యత ఎక్కువ అని అర్థం కాదు. ఒక మిల్లీవాట్ శక్తిని అందించడానికి 32 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు సుమారు 0.18 వోల్టులు చాలు. 250 ఓమ్‌లదానికి 0.5 వోల్టులు కావాలి. శక్తిని అవరోధంతో గుణించి వర్గమూలం తీస్తే ఈ విలువలు వస్తాయి. సెల్‌ఫోను ఇచ్చే వోల్టేజి తక్కువ కనుక 250 ఓమ్‌ల హెడ్‌ఫోను దానికి తగిలిస్తే ధ్వని నీరసంగా ఉండవచ్చు. అప్పుడు విడిగా ఆంప్లిఫయరు కొనవలసి వస్తుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

వాడుకలో కుదురుకోవడం

కొత్త హెడ్‌ఫోనులను వంద గంటలో, రెండు వందల గంటలో ఆపకుండా మోగిస్తే ధ్వని మెరుగుపడుతుందనే నమ్మకం బహుళ ప్రచారంలో ఉంది. తీగచుట్టకు అంటుకొని కంపించే పలుచని పొర మొదట కొంత బిగువుగా ఉండి, క్రమంగా సడలుతుందని వీరి వాదన. అయితే కొలతలలో కనిపించే తేడా అతి స్వల్పం. హెడ్‌ఫోనును ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకున్నప్పుడు వచ్చే తేడా సాధారణంగా దానికంటే ఎక్కువగా ఉంటుంది. నిజంగా మారేవి చెవి మెత్తలు. అవి కొద్ది వారాలలో మెత్తబడి తల ఆకారానికి ఒదుగుతాయి. చెవి చుట్టూ సందు లేకుండా కూర్చుంటే మూసి ఉన్న రకంలో మంద్రస్వరాలు నిండుగా వినిపిస్తాయి. కళ్ళజోడు కాడ వలన ఏర్పడే చిన్న సందు కూడా మృదంగపు ఎడమవైపు నాదాన్ని పలుచన చేయగలదు. వినేవారి చెవి సైతం కొత్త ధ్వనికి అలవాటుపడుతుంది. దానినే చాలామంది పరికరంలో వచ్చిన మార్పుగా భావిస్తారు.

ఈ నమ్మకం వలన నష్టం లేకపోలేదు. నచ్చని హెడ్‌ఫోను ఎప్పటికో కుదురుకుంటుందని ఎదురుచూస్తూ, దుకాణం తిరిగి తీసుకునే గడువును దాటవేసుకునే ప్రమాదముంది. మొదటి వారంలోనే బాగా తెలిసిన నాలుగైదు పాటలు, ఒక కచేరీ విని నిర్ణయించుకోవడం మంచిది.

వినికిడి భద్రత

స్టూడియో హెడ్‌ఫోనులలో వికృతి తక్కువ. అందువలన ధ్వని ఎంత హెచ్చినా చెవికి కటువుగా తోచకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్‌ల స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు; పిల్లలకు ఈ స్థాయి 75 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ వ్యవధి సగమవుతుంది. అనగా పెద్దలకు 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు మాత్రమే. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి పుట్టవు. పాట ఆపిన తరువాత చెవిలో హోరు వినిపిస్తే ధ్వని మితిమీరినట్లే. అది తగ్గకుండా కొనసాగితే చెవి వైద్యునికి చూపించాలి.