వేలి వెడల్పు నుండి గజం వరకు

శంషాబాద్ మండలంలోని కొత్వాల్‌గూడ పరిసరాల్లో పొలాన్ని ఎకరాల్లో, గుంటల్లో, ఇంటిస్థలాన్ని గజాల్లో చెప్పుకోవడం నేటికీ వాడుక. గుంట అనగా 121 చదరపు గజాలు, అంటే భుజానికి 11 గజాల చొప్పున ఉండే చదరం. గజానికి రెండు మూరలు కనుక ఆ భుజం 22 మూరలవుతుంది. మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చినా, శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ వెలసిన లేఅవుట్ల బేరాల్లో చదరపు మీటరు ఊసు అరుదు.

మోచేతి నుండి నడివేలి కొన వరకు గల పొడవు మూర. వేళ్లు చాచినప్పుడు బొటనవేలి కొనకూ చిటికెనవేలి కొనకూ నడుమ దూరం జాన, నాలుగు వేళ్ల వెడల్పు బెత్త, రెండు చేతులూ ఇరువైపులా చాపితే వచ్చేది బార. మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. వీటన్నిటికీ మూలం వేలి వెడల్పైన అంగుళం. మూరకు 24 అంగుళాలు కనుక, ఈ పాత అంగుళం నేటి టేపు మీది అంగుళంలో ముప్పావు వంతే.

మనిషికొక చేయి ఉన్నప్పుడు కొలత నిలకడగా ఎలా ఉంటుందన్న చిక్కును ప్రాచీనులు గుర్తించకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిది యవగింజల నడిమి వెడల్పును, లేదా మధ్యమ దేహం గల పురుషుని నడివేలి నడిమి కణుపు వెడల్పును అంగుళంగా నిర్ణయించింది. అంతటితో ఆగక, పనిని బట్టి హస్తాన్ని, అంటే మూరను, మార్చింది: సాధారణ హస్తానికి 24 అంగుళాలైతే, పచ్చికబయళ్లను కొలిచే హస్తానికి 28, అడవి సరుకును కొలిచేదానికి 54, తాళ్లకు, తవ్వకాల లోతుకు 84 అంగుళాల వ్యామం వేరే ఉంది. దీన్ని అనాగరికపు గజిబిజి అనడం తొందరపాటే, ఎందుకంటే అంకెలు స్థిరంగానే ఉన్నాయి, మారింది ప్రయోజనం మాత్రమే. పచ్చికబయళ్ల హస్తంలాగే ఈజిప్టు రాజమూర కూడా 28 వేళ్లే, దాదాపు 52 సెంటీమీటర్లు. కాకతీయుల కాలపు శాసనాల్లో భూమిని కొలిచే కర్రను గడ అన్నారు. చేతి నుండి కర్రకు మారాక కొలత ఎవరి దేహం మీదా ఆధారపడనక్కరలేదు.

అయినా పూలదండ ఇంకా చేతి మూరలోనే అమ్ముడవుతోంది. అమ్మేవారి చేయి పొట్టిదన్న సణుగుడు కొనేవారికి తప్పదు. శిల్పుల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. తాలమానమనే పద్ధతిలో విగ్రహపు ముఖం పొడవు ఒక తాలం, తాలంలో పన్నెండో వంతు ఒక అంగుళం. ఆ అంగుళం శిల్పి వేలిది కాక విగ్రహానిదే కావడం వల్ల, నవతాల ప్రమాణంలో మలిచినప్పుడు నిలువెత్తు మూర్తికీ, అరచేతిలో ఇమిడే ప్రతిమకూ ఎత్తు 108 అంగుళాలే.