బావి పనివాడు ఒల్లననవలసిన పని

పని కావలెనని తిరుగు పనివానికి, వచ్చిన పనిని వలదనుట నేర్పువారు లేరు. గడ్డపాఱ వేయుట తండ్రి నేర్పును. రాయి కట్టుట మేస్త్రి నేర్పును. ఒల్లననుట మాత్రము వాడంతట వాడే నేర్చుకొనవలసియున్నది. కంభము ప్రాంతమున బావులు త్రవ్వువారిని, పూడిక తీయువారిని, బోర్లు వేయువారిని చాల కాలముగా ఎఱిగినవాడనగుటచే ఈ విషయమును పెద్దలకు విన్నవింప నెంచితిని.

కంభము చెఱువును చూచినవారు ఈ సీమకు నీటి కొదువ యేమని యడుగుదురు. నల్లమల కనుమ వెడలి వచ్చు గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర రాజుల కాలమున వేసిన కట్ట అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చిరి. అయినను చెఱువు నీరు పల్లమునకే గాని మెట్టకెక్కదు. మెట్టపొలముల వారికి బావియే దిక్కు.

ఆ బావి త్రవ్వవలసిన నేల యెట్టిది? మార్కాపురపు పలకల మీద ఓనమాలు దిద్దినవారు మీలో పెక్కురుందురు. ఈ ప్రాంతమున నేల క్రింద నున్నది చాలవఱకు ఆ జాతి రాయియే. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలలకు కంభము పేరే పెట్టినారు. ఇసుక నేలలో వలె ఈ రాతి యొడలిలో నీరు నిలువదు. పగుళ్లలోను, పొరల సందులలోను, మీది శిథిలమైన రాతిలోను నిలుచును. కావున నిండుగా నీరున్న బావికి పది బారల దూరమున వేసిన బోరు దుమ్ము చిమ్మవచ్చును. నీరు పడునని ప్రమాణము చేయగల పనివాడు ఈ సీమలో లేడు. చేసినవాడున్నచో వానిని నమ్మకుడు.

ఇక్కడ ఒక చిక్కున్నది. బోరు యంత్రము వానికి అడుగున కింతయని రుసుము. నీరు పడినను, దుమ్ము పడినను వాని లెక్క వానిదే. రైతు ఎంత లోతునకు నష్టపోవునో యంత్రమువానికి అంత లాభము. ఒక పొలములో రెండు బోర్లు ఎండిపోయిన పిమ్మట అప్పు తెచ్చి మూడవదానికి పిలుచు రైతును నిలువరింపగలవాడు యంత్రమువాడొక్కడే. వాని కడుపు మాత్రము అందులకు ఒప్పుకొనదు. ఏ లోతున ఆపవలెనో పని మొదలుపెట్టుటకు ముందే కాగితము మీద వ్రాసికొనుట మంచిది. అట్లు వ్రాయనొల్లని రైతు పనిని విడుచుటయే మేలు. 2002 నాటి నీరు, నేల, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేక బోరు వేయరాదు. రాత్రివేళ దొంగచాటుగా వేయుమనువాని పనిని గుఱించి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఎండిన బోరును పూడ్పించుటకు ఒప్పుకొనని వాని పనియు నట్టిదే. బిడ్డలు అందులో పడి చచ్చుచుండగా సుప్రీము కోర్టువారు 2010లో దీనిని గుఱించి స్పష్టముగా ఉత్తరువులిచ్చిరి.

త్రాగుటకై వేయు బోరు విషయమున మఱియొక మాట. 1937లోనే వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు వంగిపోయినవారిని పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడే కారణమని వ్రాసిరి. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగుటకు తగదు. పరీక్ష చేయింపని నీటికి కుళాయి బిగించు పనిని ఒల్లననవచ్చును.

ఇక పూడికతీత. ఒల్లననకపోవుటచే ప్రాణములు పోవుపని యిదియే. వేసవిలో పాడుబడిన బావిని బాగుచేయింతమని ఊరు తలపెట్టును. అడుగున ఆకు కుళ్లి, బొగ్గుపులుసు వాయువు పుట్టి, గాలికన్న బరువగుటచే అక్కడనే నిలుచును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరువదియొక పాళ్లు. అది పదునాఱు, పదునేడు పాళ్లకు దిగినపుడు దీపమారును. ఇంకను దిగినచో మనిషి మూర్ఛిల్లును. అందుకే లాంతరు దింపి చూచు వాడుక యేర్పడినది. మండెడు వాయువు కూడ ఉండవచ్చును గనుక తొంగిచూడక దూరమునుండి తాడుతో దింపవలెను. మొదటివాడు పడిపోగా వానికై రెండవవాడు, అన్నకై తమ్ముడు దిగి, ఒకే బావిలో మువ్వురు నలుగురు పోవుట ఈ కారణముననే.

అయితే లాంతరు అన్నియు చెప్పదు. నీరు తోడుటకు ఆయిలు ఇంజనును బావిలోని గట్టుమీదికి దింపుదురు. దాని పొగలో రంగును వాసనయు లేని విషవాయువొకటి కలదు. అది నిండిన బావిలో దీపము చక్కగా వెలుగుచుండును. మనిషి మాత్రము చచ్చును. ఇంజను బావిలో నడచుచున్నప్పుడు గాని, ఆపిన వెంటనే గాని దిగుమనువానికి ఒల్లననియే చెప్పవలెను. చెట్టుకొమ్మల మోపును తాటితో దింపి లాగినచో గాలి కొంత కదలును గాని, దానినే నమ్మరాదు. వాయువులను కొలుచు చేతి పరికరములు నేడు దొరకుచున్నవి. ఊరికొకటి యుండిన చాలును.

ఒల్లననుటకు అడ్డము వచ్చునది భయము కాదు, బయానా. ముందు పుచ్చుకొన్న రూకలు ఇంట బియ్యమైపోయిన పిదప బావి చూచి లాభమేమి? అందుచే బావి చూచినతరువాతనే బయానా పట్టవలెను. చూచినందులకు ఒక పూట కూలి ఇచ్చు ఆచారమును పెద్దలు పెట్టినచో, పనివాడు నిజము చెప్పుటకు వెనుదీయడు. ఎఱిగిన ఒక పనివాడు రైతుతో అన్న మాట నాకు నచ్చినది: “పెదనాయనా, మీ ఉప్పు తిన్నవాడను. దీపమే నిలువని చోట నేనెట్లు నిలుతును? నన్ను దిగుమనవద్దు; నేను కాదన్నానని వేఱొకరిని దింపవద్దు.” ఆ రెండవ కోరికయే బరువైనది. ఒకడు కాదన్న బావికి అంతకన్న ఆకలిగొన్నవానిని వెదకి తెచ్చుట మన యూళ్లలో కలదు. దానిని ఆపగలవారు మీరే.

కాదన్న బావి ఎల్లకాలము కాదన్నదే కానక్కఱలేదు. ఇంజనును ఒడ్డునకు తెచ్చి, కదలిన ఒర రాళ్లను పైనుండి సరిచేసి, గాలి కొట్టించి మఱునాడు మఱల చూడవచ్చును. ఉదయము దిగుటకు ముందు చూచినది మధ్యాహ్నమునకు చెల్లదు. సంకటి తిని వచ్చునప్పటికి గాలి మాఱియుండును గనుక తిరిగి దిగునప్పుడెల్ల మఱల చూడవలెను. పైన తాడు పట్టినవారిద్దఱును, క్రిందివాడు బయటికి వచ్చువఱకు, ఎవరు పిలిచినను అక్కడనుండి కదలరాదు.