గీజరులో పేరుకొను సున్నపురాయి

బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట అందరును చూచినదే. ఆ పొరయే గీజరులోను, దానినుండి వెలువడు గొట్టములోను కంటికి కనబడక పెరుగుచుండును.

వాననీరు నేలలో ఇంకునపుడు మట్టిలోని కార్బన్ డై ఆక్సైడును కరగించుకొని స్వల్పముగా ఆమ్లగుణము పొందును. అట్టి నీరు రాళ్లలోని ఖనిజములను కొద్దికొద్దిగా కరగించి, కాల్షియమ్, మెగ్నీషియమ్ బైకార్బొనేటులను తనలో చేర్చుకొనును. ఇదే తాత్కాలిక కఠినత్వము. నీటిని వేడిచేయగానే కార్బన్ డై ఆక్సైడు వెలుపలికి పోవును. నీటిలో కరగని కాల్షియమ్ కార్బొనేటు మిగులును. చక్కెర వేడినీట హెచ్చుగా కరగును గదా, ఇది అందుకు విరుద్ధము. కనుకనే చన్నీటి గొట్టముకంటె గీజరే ముందు చెడును.

ఎంత పేరుకొనును? లీటరుకు 300 మిల్లీగ్రాముల తాత్కాలిక కఠినత్వము గల నీటిని రోజుకు 100 లీటర్లు కాచితిమనుకొందము. కాల్షియమ్ కార్బొనేటు లెక్కన అది రోజుకు 30 గ్రాములు, ఏడాదికి దాదాపు 11 కిలోలు. ఇందు పదియవ వంతే నిలిచినను కిలోకు మించిన రాయి! రాయి వేడిని సులభముగా పోనీయదు. లోపలి తీగె మితిమీరి వేడెక్కి తుదకు తెగిపోవును.

సాధనము కొనుటకు ముందు నీటిని కొలువవలెను. ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచికతో ఇ.డి.టి.ఎ. అంశమాపనమును పాఠశాల ప్రయోగశాలలోనే చేయవచ్చును. ఎరుపు నీలముగా మారుట విద్యార్థులకు వేడుక కూడ. ఐ.ఎస్. 10500 (2012) ప్రమాణము త్రాగునీటికి లీటరుకు 200 మిల్లీగ్రాములు చాలుననును; వేరు నీరు లేనపుడు 600 వరకు ఒప్పుకొనును. అయితే ఈ హద్దులు త్రాగువారికొరకు ఏర్పడినవి, గీజరుకొరకు కాదు.

వంటింటి ఆర్.ఓ. యంత్రము త్రాగునీటినే శుద్ధిచేయును. దానివలన గొట్టములకు మేలులేదు. వాటిని కాపాడవలెనన్న, నీరు ఇంటిలోనికి వచ్చుచోటనే అయాను వినిమయ రెసిను గల సాఫ్ట్‌నరును అమర్చవలెను. రెసిను కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును. అలసినపుడు ఉప్పునీటితో దానిని మరల సిద్ధపరుపవలెను. ప్రతి 100 మిల్లీగ్రాముల కఠినత్వము తొలగినపుడు 46 మిల్లీగ్రాముల సోడియము నీట చేరును. ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పినవారు త్రాగునీటి కుళాయిని సాఫ్ట్‌నరుకు ముందే విడదీసికొనుట మంచిది. గొట్టమునకు చుట్టు అయస్కాంతములను అమ్మువారును కలరు. వాటికి నమ్మదగిన ఋజువు తక్కువ.

అంత ఖర్చు పెట్టలేనివారు థర్మోస్టాటును 75 డిగ్రీలకు బదులు 60 దగ్గర నిలిపినచో పొర నెమ్మదిగా కట్టును. స్నానమునకు ఎటులను చన్నీరు కలుపుకొందుము గదా! తాపక దండమును విప్పి శుభ్రపరచుటకు వీలైన గీజరునే ఎన్నుకొనవలెను. విద్యుత్తు ఆపి, దండమును పనివానిచే విప్పించి, నిమ్మఉప్పు ద్రావణములో నానబెట్టినచో పొర నురగలెత్తి కరగిపోవును. లోపలనుండు మెగ్నీషియమ్ కడ్డీ మాత్రము తొట్టి తుప్పుపట్టకుండుటకే. అది ఈ పొరను ఆపదు.