పావుగంట సింగారం

బాబ్లీ అనగానే తెలుగువారికి గోదావరి మీద కట్టిన ఆనకట్ట, దాని 14 గేట్లు, రెండు రాష్ట్రాల మధ్య నడిచిన నీటి తగాదా జ్ఞాపకం వస్తాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పింది మొదలు, యేటా జూలై 1న గేట్లు ఎత్తడం, అక్టోబరు 28 దాటాక దించడం పత్రికలలో చదువుతూనే వున్నాము. తెలంగాణ పొలిమేరకు ఏడు కిలోమీటర్ల ఎగువనున్న యీ వూరి నీళ్ల లెక్క అందరికీ కావాలి. ఆ నీళ్లు మోసే చేతుల సంగతి మాత్రం ఎవరూ వ్రాయరు.

యీ ప్రాంతపు స్త్రీలకు తీరుబడి తక్కువ. ఇంట్లో తెలుగు, వాకిట్లో మరాఠీ. పొయ్యి మీద జొన్నరొట్టె, చంకలో పిల్లవాడు. కొందరు పత్తి ఏరబోతారు. కొందరు ధర్మాబాదు మిరప బజారులో తొడిమలు తీయబోతారు. చదువుకున్న పిల్లలు రైలెక్కి ఒకవైపు నాందేడుకో, మరొకవైపు నిజామాబాదుకో ఉద్యోగానికి పోతారు. యిటువంటివారితో అందం మాట ఎత్తితే, "అద్దం చూసుకునే తీరుబడి మాకెక్కడిదమ్మా!" అని నవ్వేస్తారు. ఆ నవ్వులో సగం నిజం, సగం దిగులు. దిగులు దేనికంటే, అద్దం చూసుకున్నా అందులో కనిపించే ముఖం తమకు నచ్చదని.

అందుచేత యీ వ్యాసంలో రెండు విషయాలు చెప్పదలిచాము. ఒకటి, రోజుకు పావుగంటలో, పెద్ద ఖర్చు లేకుండా చేసుకోగల శరీర సంరక్షణ. రెండవది, దానికంటె ముఖ్యమైనది, దేవుడిచ్చిన ముఖంతో రాజీపడడం కాదు, స్నేహం చేయడం.

రంగు సంగతి

పెళ్లిచూపుల నాడు తెలుగు ఇంట్లో "పిల్ల ఎర్రగా వుందా?" అని అడుగుతారు. మరాఠీ ఇంట్లో "గోరీపాన్ ఆహే కా?" అంటారు. భాష వేరైనా ప్రశ్న ఒక్కటే. పిల్ల చదువు, వంట, ఉద్యోగం, గుణం అన్నీ ఆ తరువాతనే. పండరిపురం విఠోబాను మాత్రం మరాఠీ భక్తులు "సావళా" అని ముద్దుగా పిలుచుకుంటారు. మనము "నలుపు నారాయణ మెచ్చు" అంటాము. దేవుడికి పనికివచ్చిన రంగు కోడలికి ఎందుకు పనికిరాదో పెద్దలు ఆలోచించాలి.

అసలు రంగు అంటే ఏమిటి? చర్మంలో మెలనిన్ అనే పదార్థం వుంటుంది. దానిని తయారుచేసే కణాల సంఖ్య తెల్లవారిలోనూ, నల్లవారిలోనూ దాదాపు ఒక్కటేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ ఎంత, ఎటువంటిది అన్నదే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ఒంటిని కాపాడే గొడుగు అది. చామనచాయ వారి చర్మం త్వరగా ముడతలు పడదు. చర్మపు క్యాన్సరు కూడా వారిలో తక్కువ. ఇంత ఎండ కాసే మరాఠ్వాడాలో ఆ గొడుగు వుండడం లోపమా, వరమా?

యీ మాట మేమొక్కరమే అనడం లేదు. చెన్నైలో ఒక మహిళా సంస్థ 2009లో "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" అనే ప్రచారం ప్రారంభించింది; 2013లో నటి నందితా దాస్ అందులో చేరారు. నల్లగా వున్నవారిని తక్కువవారిగా, దురదృష్టవంతులుగా చూపే ప్రకటనలు తగవని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు చేసింది. 1975 నుంచి అమ్ముడైన "ఫెయిర్ అండ్ లవ్లీ" కూడా 2020లో తన పేరులోని "ఫెయిర్" మాట తీసివేసి "గ్లో అండ్ లవ్లీ" అయింది. డబ్బా మీద పేరు మారింది. ఇక మారవలసింది మన నోటి మాట.

పేరులేని డబ్బాలు

సంతలోనూ, చిన్న దుకాణాలలోనూ "వారం రోజుల్లో తెల్లబడతారు" అని చెప్పి అమ్మే క్రీములున్నాయి. కొన్నిటి మీద తయారుచేసినవారి పేరు గాని, అందులో ఏమేమి కలిపారన్నది గాని వుండదు. మాకు తెలిసిన ఒక అమ్మాయి పెళ్లి కుదిరే ముందు అటువంటిది రాసుకున్నది. మొదటి నెల ముఖం నిగనిగలాడింది. చూసినవారంతా మెచ్చుకున్నారు. మూడవ నెలలో బుగ్గలు కందగడ్డలైనాయి, సన్నని ఎర్ర నరాలు పైకి తేలాయి, గడ్డం మీద నూగు వచ్చింది. మానివేస్తే మంట, రాస్తే తాత్కాలిక ఉపశమనం. చివరకు చర్మవైద్యుని వద్దకు పోతే, అందులో స్టెరాయిడ్ మందు వున్నదని తేలింది. నెలల తరబడి చికిత్స పట్టింది. పిల్ల ఆ నెలలన్నీ కొంగు చాటు నుంచే లోకాన్ని చూసింది.

బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు ట్యూబు మీద కనబడితే అవి స్టెరాయిడ్ మందులని గ్రహించాలి. ఎగ్జిమా వంటి జబ్బులకు డాక్టరు కొద్దిరోజులకని వ్రాసి ఇచ్చే మందులవి, సింగారానికి కావు. ఇటువంటి పైపూత మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం కట్టడి చేసింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా వైద్యునికి చూపించి, ఆయన చెప్పిన ప్రకారం మానాలి. మరికొన్ని తెలుపు క్రీములలో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాలను చెడగొడుతుంది. రంగు కోసం మూత్రపిండాలను తాకట్టు పెట్టడం తెలివిగల బేరం కాదు గదా!

ముఖము

రోజుకు రెండుసార్లు, ఉదయం ఒకసారి, పని ముగించి ఇల్లు చేరాక ఒకసారి, ముఖం కడుక్కుంటే చాలు. పదేపదే సబ్బు రుద్దితే చర్మంలోని సహజమైన నూనె పోయి పగులుతుంది. వారానికొకసారి శనగపిండి గాని, పెసరపిండి గాని పాలతోనో పెరుగుతోనో కలిపి మెత్తగా నలుగు పెట్టుకోవచ్చు. గట్టిగా రుద్దకూడదు, ముఖం ఇత్తడి చెంబు కాదు.

నిమ్మరసం ముఖానికి రాసుకొని ఎండలోకి పోవడం మంచిది కాదు. నిమ్మలోని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తాయి. నిమ్మకాయ పప్పులో పిండుకుంటేనే అందానికి ఎక్కువ మేలు. ఎలాగో క్రింద చెబుతాము.

పది గంటల నుంచి నాలుగింటి వరకు ఎండ తీవ్రం. చేలో పనిచేసేవారు నూలుగుడ్డ తలకూ బుగ్గలకూ చుట్టుకోవాలి. స్కూటరు మీద పోయే అమ్మాయిలు దుపట్టా చుట్టుకోవడం చూసి పెద్దవారు నవ్వుతారు గాని, అది మంచి అలవాటే. కొనగలిగినవారు ఎస్.పి.ఎఫ్. 30 వున్న సన్ స్క్రీన్ రాసుకోవచ్చు. కానుపుల సమయంలో బుగ్గల మీద వచ్చే మంగుమచ్చలు చాలామందికి తరువాత తగ్గుతాయి. ఎండలో తిరిగితే ముదురుతాయి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కొందరికి మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలాగా అవుతుంది. దానిని మురికి అనుకొని పీచుతో తోమి పుండు చేసుకుంటారు. అది మురికి కాదు. చాలాసార్లు మధుమేహం రాబోతున్నదని శరీరం పంపే కబురు. రాయితో తోమడం మాని రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

తల

యీ నల్లరేగడి నేలల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పనివి, గట్టివి. సబ్బు నురగ రాదు, తల జిగటగా తయారవుతుంది. మన కుంకుడుకాయ, శీకాయ గట్టినీళ్లలో కూడా పనిచేస్తాయి; అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు. కుంకుళ్లు ముందు రాత్రే నానబెడితే ఆదివారం ఉదయం హడావుడి వుండదు. రసం కళ్లలో పడితే వెంటనే చన్నీళ్లతో కడగాలి. షాంపూ వాడేవారు దానిని నీళ్లలో కలిపి మాడుకు మాత్రం పట్టించాలి.

దువ్వెనకు వెంట్రుకలు వస్తున్నాయని బెంబేలు పడేవారు చాలామంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. తడితలను ముడివేయడం, జడ బిగించి లాగి కట్టడం మానాలి. ఏళ్ల తరబడి లాగితే నుదుటి దగ్గర జుట్టు వెనక్కు పోతుంది. కానుపు తరువాత మూడు నాలుగు నెలలకు కుచ్చులు కుచ్చులుగా రాలినా భయపడనవసరం లేదు. సామాన్యంగా అది తిరిగి వస్తుంది.

తెల్ల వెంట్రుకలకు రంగు వేసుకోవడం, మానడం ఎవరి ఇష్టం వారిది. వేసుకునేవారు ముందుగా చెవి వెనుక చుక్క రాసి రెండు రోజులు చూడాలి; కొందరికి ఆ రంగులోని మందు పడక ముఖం వాస్తుంది. "నల్ల గోరింట" అని అమ్మేదానిలో కూడా తరచు ఆ మందే వుంటుంది. అసలు గోరింట నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది.

చేతులు, కాళ్లు, బొట్టు

మిరపకాయలు ఒలిచే చేతుల మంట అనుభవించినవారికే తెలుసు. నీళ్లతో ఎంత కడిగినా పోదు. ఎందుకంటే మిరపలోని కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు కొద్దిగా వంటనూనె చేతులకు బాగా మర్దించి, తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి. పని మొదలుపెట్టే ముందే చేతి తొడుగులు వేసుకుంటే మరీ మంచిది. కడగకుండా కళ్లు తాకవద్దు, పసిపిల్లలను ఎత్తుకోవద్దు.

పగిలిన మడమలకు రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టి, మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె గాని వాజిలైన్ గాని రాసి, పాత మేజోళ్లు తొడుక్కొని పడుకోవాలి. పది రోజులలో తేడా తెలుస్తుంది. పగుళ్లలో బ్లేడు పెట్టకూడదు.

నుదుట అంటించుకునే బొట్టు బిళ్ల జిగురులోని ఒక రసాయనం కొందరికి పడదు. దురద, ఆ తరువాత తెల్లమచ్చ వస్తాయి. దురద మొదలైన నాడే బిళ్ల మానాలి. పసుపు, సున్నం కలిపి చేసిన కుంకుమ మేలు. మరీ ఎర్రగా మెరిసే చౌక సిందూరంలో సీసం వుండే ప్రమాదముంది.

లోపలి మెరుగు

ముఖం పాలిపోవడం, జుట్టు రాలడం, గోళ్లు విరగడం, మెట్లెక్కితే ఆయాసం. వీటికి క్రీము లేదు. ఇవి తరచు రక్తహీనత లక్షణాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు 2015–16లో 53 శాతం. 2019–21లో 57 శాతం. అంటే నూటికి సగంమందికి పైగా! ఇల్లంతా తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే ఆచారానికి యిందులో వాటా లేదనగలమా?

సజ్జరొట్టె, తోటకూర, నువ్వులు, పప్పులు, తినేవారికి గుడ్డు, మాంసం – వీటిలో ఇనుము వుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు కావాలి: నిమ్మరసమో, ఉసిరికాయో. భోజనంతో పాటు టీ త్రాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఒక గంట ఎడం వుండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొని, అవసరమైతే ఇనుము మాత్రలు పూర్తిగా వాడాలి. సంక్రాంతి హల్దీ కుంకుమలలో పంచే నువ్వులు బెల్లం ఆ ఒక్కనాటికే పరిమితం కానక్కరలేదు.

లెక్క చూద్దాము

ఉదయం ముఖం కడగడం, తల దువ్వడం, బొట్టు: ఐదు నిమిషాలు. సాయంత్రం చేతులు, ముఖం కడిగి కాస్త నూనె: ఐదు నిమిషాలు. మిగిలిన ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడానికి. నవ్వవద్దు సుమా! పని చెప్పేవారు లేని ఆ ఐదు నిమిషాలు కూడా సింగారంలో భాగమే. ఇంటి పురుషులు ఆ పావుగంట పొయ్యి దగ్గర నిలబడితే వారి గౌరవం తగ్గదు.

ఇక చివరిమాట తల్లులకు. ఆడపిల్ల వినేటట్లు "నల్లపిల్ల, దీన్ని ఎవరు చేసుకుంటారో" అనవద్దు. ఆ మాట పిల్ల ముఖానికి పట్టే మసి. ఏ నలుగుతోనూ వదలదు. పక్కింటివారు అంటే, "మా పిల్ల చామనచాయ, చక్కనిది" అని అక్కడికక్కడే చెప్పండి. పెళ్లిచూపులకు వచ్చినవారు రంగు అడిగితే, మీరు వారి అబ్బాయి గుణం అడగండి. సంబంధం తప్పితే తప్పనివ్వండి. పిల్లకు తన ముఖం మీద గౌరవం దక్కితే చాలు. అది కట్నంగా ఇవ్వగలిగేది పుట్టింటివారే.